ఏడో చిప్ప

కళింగపట్నంలో షావుకారు ధర్మారావుగారి పాత గోదాముని ఊరంతా మ్యూజియం అంటారు. ఆఫ్రికా నుంచి బానిసలుగా ఓడల్లో తరలిపోయిన వాళ్ల బిడ్డలు, దారిలో సముద్రంలో పోయిన తమవాళ్ల గుర్తుగా పరాయి దీవుల్లో చెక్కిన ఆరు నిలువెత్తు కొయ్యబొమ్మలు అందులో ఉన్నాయి. రోజూ ఊడ్చేది జాలరి పోలమ్మ. లోపల ఎవరో బట్ట సర్దుకోవాలన్నట్టు, గుమ్మంలో ఒకసారి దగ్గి అడుగుపెడుతుంది. ఊడ్చాక బొమ్మల ముందు కొబ్బరిచిప్పల్లో మంచినీళ్లు పెడుతుంది. కొయ్య చెడిపోతుందని షావుకారు కసిరితే, "సంద్రంలో పోయినోలకి దాహం తీరదు బాబూ, సుట్టూ ఉప్పునీలే గదా" అంటుంది. బొమ్మలు ఆరు, చిప్పలు ఏడు. ఏడోది గోడవార ఖాళీ జాగాలో ఉంటుంది. మూడేళ్ల కిందట వేటకెళ్లిన ఆమె మొగుడు శవమై కూడా ఒడ్డుకు రాలేదు. గాజులు తీయమని అత్త పోరుతున్నా, "కల్లతో సూడందే తియ్యను" అని పోలమ్మ పట్టు.

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఇంగ్లీషు పటాలంలోని ఆఫ్రికా సిపాయి ఒకడు మ్యూజియం చూడటానికి వచ్చాడు. చిప్పలు చూసి టోపీ తీశాడు. ఒక్కో బొమ్మ ముందూ ఆగి, చిప్పలోంచి కాసిని నీళ్లు నేల మీద ఒలకబోసి తల వంచాడు. ఏడో చిప్ప దగ్గరా నీళ్లు పోశాడు. కాని అక్కడ తల వంచలేదు. పైకెత్తి, మనిషి మొహంలోకి చూసినట్టు చూసి, చిన్నగా నవ్వి, ఎవరికో దారిచ్చినట్టు పక్కకి ఒరిగి వెళ్లిపోయాడు. చీపురు పట్టుకుని ఇదంతా చూస్తున్న పోలమ్మ ఆ గోడ దగ్గరికి వచ్చింది. "వచ్చేసినావేటి" అంది మెల్లగా. తర్వాత గాజులు ఒక్కొక్కటే తీసి ఏడో చిప్పలో వేసింది.