ఊరంతా ఎక్కి కూర్చున్న బొంత

ఆ రోజుల్లో పాతగుడ్డకి ఉన్న మర్యాద ఈ కాలం వాళ్ళకి చెప్పినా నమ్మరు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. అరవదేశంలోని మా రాజపాళయంలో ఎక్కడ నిలబడ్డా నూలుమిల్లు పొగగొట్టం కనిపించేది, సాయంత్రం మిల్లు విడిచినప్పుడు బయటికి వచ్చేవాళ్ళ తలల నిండా దూది పింజలే, అయినా కట్టుకుందామంటే కొత్త చీర దొరికేది కాదు. (మిల్లు నూలు వడుకుతుంది గాని చీరలు నేయదని మా నాయన ఎన్నిసార్లు చెప్పినా, ఇంత దూది ఉన్న ఊళ్ళో గుడ్డకి కరువేమిటని మా అమ్మ మిల్లునే తిట్టేది.) అందుచేత ఏ ఇంట్లోనూ ఏ చీరా ఊరికే పోయేది కాదు. చీర చిరిగితే పిల్లల పావడా, పావడా చిరిగితే దిండు గలీబు, గలీబు చిరిగితే మసిగుడ్డ. అలాంటి కాలంలో, పద్నాలుగేళ్ళ వయసులో, నేనొక బొంత కుట్టాను. ఆ బొంత సంగతి మా బంధువులు ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చెప్పుకుని నవ్వుతారు. నవ్వనీండి. వాళ్ళకి తెలిసింది సగమే. మిగతా సగం నా దగ్గర ఉంది కాబట్టి రాస్తున్నాను.

మా అక్క తొలికాన్పుకి పుట్టింటికి వచ్చింది. మాలో ఒక పద్ధతి ఉంది. పుట్టిన బిడ్డ ఒంటికి కొత్తగుడ్డ తగలకూడదు. బాగా బతికిన పెద్దవాళ్ళు కట్టి కట్టి, ఉతికి ఉతికి మెత్తబడిన గుడ్డల్ని ముక్కలుగా కత్తిరించి, బొంత కుట్టి, బిడ్డని ఉయ్యాలలో వేసే రోజున దానిమీద పడుకోబెట్టాలి. వాళ్ళ ఆయుష్షు బిడ్డకి అంటుతుందని నమ్మకం. ఇంట్లో బొంతలన్నీ కుట్టిన మా అవ్వకి అప్పటికి కళ్ళకి పొరలు కమ్మి చూపు పోయింది. ఈసారి ఎవరు కుడతారని అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే, నేను కుడతానన్నాను. అమ్మ నవ్వింది. "సూదిలో దారం ఎక్కించేదానికే అరపొద్దు పట్టును నీకు. నువ్వు బొంత కుడతావా?" అంది. ఆ నవ్వే నన్ను ముంచింది. "కుడతాను. చూస్తా ఉండు" అని చెప్పి అక్కడినుంచి లేచిపోయాను.

నా మనసులో ఉన్న బొంత ఇప్పటికీ నాకు కనిపిస్తూనే ఉంటుంది. నడుమ తెల్లటి పంచె గుడ్డ, చుట్టూ ఎర్రటి అంచు, నాలుగు మూలలా అవ్వ సుంగుడి చీరలోంచి తీసిన ఆకుపచ్చ ముక్కలు. అంతే. చోళపురం నుంచి వచ్చే అక్క అత్తగారు దాన్ని చూసి, అందరి ముందూ "ఇదెవరు కుట్టింది?" అని అడగాలి. అక్క నన్ను చూపించాలి. నేను తల వంచుకుని వినయంగా నిలబడాలి. (ఆ తల వంచుకోవడం కూడా అద్దం ముందు చేసి చూసుకున్నాను.) నేను కోరుకున్నది అదొక్కటే. అంతకు ముందు మా ఇంట్లో ఎవరూ నన్ను ఏ పనికీ మెచ్చుకున్న పాపాన పోలేదు.

సంగతి ఊళ్ళో పాకింది. ఆ ఇంటి రెండో పిల్ల బొంత కుడుతోందట అని తెలిసేసరికి ప్రతి చుట్టం ఇంటినుంచీ గుడ్డ రావడం మొదలైంది. నేను అడగలేదు. అడక్కపోయినా వస్తుంది, వచ్చిందాన్ని కాదనడానికి లేదు. మావాళ్ళలో పెళ్ళికి పిలవకపోయినా క్షమిస్తారు గాని బిడ్డ బొంతలో తమ ముక్క లేదంటే మూడు తరాలు గుర్తుపెట్టుకుంటారు. "ఒక్క ఇంటి తుణి ముక్క విడిచినా, రేపు బిడ్డకు జలుబు చేస్తే మన తలమీదనే పడును" అంది అవ్వ, మంచం మీద పడుకునే. సరే అన్నాను. నెమలి అంచు వచ్చింది, గళ్ళ కైలీ లుంగీ వచ్చింది, చారల పరుపుగుడ్డ వచ్చింది, చుక్కల చీరలు ఎన్ని వచ్చాయో చెప్పలేను. నా బొంత నడిమి తెలుపు రోజురోజుకీ కుంచించుకుపోయింది.

అయినా ఓపిగ్గా పేర్చుకున్నాను. అప్పుడు అవ్వ ఒక ప్రశ్న వేసింది. "మిద్దింటి పెద్దమ్మ ముక్క పక్కన ఎవరిది పెట్టినావు?" మూలింటి అత్తది, రంగు కుదిరిందని పెట్టాను. అవ్వ మంచం మీద లేచి కూర్చుంది. "అయ్యయ్యో, తీసేయ్ డీ! చావిడిలో పెండ్లి నాడు గంధం ముందు ఎవరికి ఇచ్చినారని ఆ రెండిండ్లకూ మాటలు లేవు గదా. పంక్తిలోనే పక్కపక్కన కూర్చోరు, నీ బొంతలో కూర్చుంటారా?" మాకు వంశానికొక చావిడి, పెళ్ళిళ్ళూ పంచాయితీలూ అన్నీ అక్కడే. అక్కడ పుట్టిన పంతం అక్కడితో ఆగదు. వాళ్ళిద్దరినీ విడదీసి నడుమ ఇంకో ఇంటి ముక్క పెడితే, ఆ ఇంటికీ మిద్దింటికీ పొలం గట్టు తగాదా. అటు జరిపితే ఇటు పలకరు, ఇటు జరిపితే అటు పలకరు. నేను రంగులు చూసి పేర్చడం మానేసి పగలూ పంతాలూ చూసి పేర్చడం మొదలుపెట్టాను. ఎవరికీ చుట్టం కాని గుడ్డ ఏదైనా ఉంటే నడుమ దూర్చవచ్చని ఇల్లంతా వెతికి, మా తమ్ముడి చిరిగిన ఖాకీ నిక్కరు కూడా కత్తిరించాను. వాడు ఇంకా దాన్ని వేసుకుంటున్నాడని నాకు తర్వాత తెలిసింది.

అంతటితో అయిందా? పెద్దవాళ్ళ గుడ్డ బిడ్డ కాళ్ళవైపు ఉండకూడదట, బిడ్డ తన్నితే మర్యాద కాదట. అందరినీ తలవైపుకే తోశాను. ఇక మిగిలింది బిడ్డ తడిపే చోటు. అక్కడ ఎవరి ముక్క పెట్టాలి? ఎవరిది పెట్టినా ఆ ఇంటితో ఇక మాటలుండవు. ఆలోచించి ఆలోచించి, నాయన పాత గొడుగు గుడ్డ విప్పి, సరిగ్గా నడుమ, పలకంత నల్లటి ముక్క వేసి గట్టిగా కుట్టేశాను. తడిసినా ఇబ్బంది లేదు, గొడుగుకి చుట్టాలూ లేరు. నా తెలివికి నేనే మురిసిపోయాను. దాచుకున్న తెల్ల పంచె గుడ్డని, ఇంకెక్కడా చోటు లేక, వెనకవైపు అస్తరుగా వేశాను.

కుట్టడం పూర్తయ్యాక మిద్దె మీదికి తీసుకెళ్ళి తీగ మీద ఆరేసి, వెనక్కి నడిచి, మొదటిసారి మొత్తంగా చూశాను. అప్పటిదాకా ఒళ్ళో పెట్టుకుని ముక్క ముక్కగా చూడడమే గాని అంతా ఒక్కసారి చూసింది లేదు. ఒక ముక్క మీద చూపు నిలుపుదామంటే పక్క ముక్క మోచేత్తో పొడిచేది. చుక్కలు గళ్ళ మీద పడుతున్నాయి, చారలు నెమళ్ళని తరుముతున్నాయి, అన్నిటి నడుమా ఆ నల్ల గొడుగు నోరు తెరుచుకుని ఉంది. నా వెనకాలే మెట్లెక్కి వచ్చిన మా తెల్లకుక్క దాన్ని చూసి రెండడుగులు వెనక్కి వేసి మొరిగింది. అది దొంగల్ని చూసి మొరిగే మొరుగుడు. నేను గోడకి ఆనుకుని కూర్చుని ఏడ్చాను. అంత కష్టపడి ఇంత అనాకారి వస్తువు చేశానా అని నిజంగానే ఏడ్చాను. అమ్మ వస్తే, బాగా రాలేదమ్మా, విప్పేసి మళ్ళీ కుడతానని చెప్పేద్దామనే అనుకున్నాను.

అమ్మ వచ్చింది. నేను నోరు తెరిచేలోపు తనే అనేసింది. "ఇదేమిడీ, సంత మాదిరి ఉండాది!"

ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, నా ఏడుపు టక్కున ఆగిపోయింది. "సంత మాదిరే ఉండాల. మన చుట్టాలు అట్లనే ఉన్నారు గదా" అన్నాను. ఆ మాట అన్నాక ఇక వెనక్కి తగ్గే దారి లేదు. నా బొంత బాగాలేదని నేను అనుకోవచ్చు. ఇంకొకరు అంటే మాత్రం ఊరుకునేది లేదు. (ఇదేం న్యాయమని అడక్కండి. మీ పిల్లల విషయంలో మీరూ ఇంతే.) కింద అక్క చూసి "దీని మీద వేస్తే బిడ్డకు కండ్లు తిరుగును" అంది. అవ్వ ఒక్కతే వేళ్ళతో అంతా తడిమి చూసి, "రొంబ బాగుండాదే" అంది. నా బొంతని మెచ్చుకున్న ఒకే ఒక్క మనిషికి చూపు లేకపోవడం గురించి ఇంట్లో చాలా హాస్యాలు నడిచాయి. ఆఖరికి అమ్మ తీర్పు చెప్పింది. బొంతని అడుగున వేసి, పైన ఇంకో తెల్ల పంచె కప్పేస్తామంది. "ఎవరికీ కనపడదు. నీకూ పేరు, మాకూ మానం" అంది. కప్పెట్టడానికి నేను కుట్టలేదన్నాను. నా మాట ఎవరూ వినలేదు.

ఉయ్యాలలో వేసే రోజు వచ్చింది. ఇల్లంతా ఆడవాళ్ళు. మిద్దింటి పెద్దమ్మ ఒక గోడకీ, మూలింటి అత్త ఎదుటి గోడకీ ఆనుకుని కూర్చున్నారు. చోళపురం నుంచి బండి కట్టుకుని అక్క అత్తగారు వచ్చింది. గోడకి సున్నం తప్ప వేరే రంగు సహించని మనిషి ఆవిడ. బిడ్డని ఎత్తుకుని ఆవిడ ఉయ్యాల దగ్గరికి రాగానే, నేను మధ్యలో దూరి, పైనున్న తెల్ల పంచెని ఒక్క లాగు లాగేశాను. అమ్మ నన్ను పట్టుకోబోయింది గాని అందలేదు. అందరి కళ్ళూ బొంత మీద పడ్డాయి.

"ఇదెవరు కుట్టింది?" అంది అక్క అత్తగారు. నేను కలగన్న మాటే, గొంతు మాత్రం వేరు.

"నేనే కుట్టినాను అత్తా."

"ఇంత జాస్తిగానా? బిడ్డ నిద్రపోవాల గదమ్మా దీనిమీద. నడుమ ఆ నల్లది ఏమి?"

"గొడుగు" అన్నాను.

ఇల్లు పగిలిపోయేలా నవ్వారు. వాళ్ళలో ముక్కలిచ్చినవాళ్ళే ఎక్కువ. లోపలికి పరిగెత్తుకుని వెళ్ళి, కత్తెర తెచ్చి, ఉయ్యాల పక్కన నిలబడ్డాను. "నచ్చనోళ్ళు ఎవరి ముక్క వాళ్ళు కత్తిరించుకొని పోండి. గొడుగు ఒకటే మిగిలినా సరి, దానిమీదనే పండబెడతాను బిడ్డను" అన్నాను. ఆ మాట అందరికీ వినపడింది. నవ్వు ఆగిపోయింది. ఒక్కరూ కదల్లేదు. తన చీర ముక్క తనే కత్తిరించుకుపోవడమంటే బిడ్డకిచ్చిన ఆశీర్వాదం తిరిగి తీసుకోవడమే గదా. అంత ధైర్యం ఎవరికి?

అక్క అత్తగారు మాత్రం కంగారుపడలేదు. బిడ్డని అక్కకిచ్చి, నా చేతిలో కత్తెర తీసుకుని, "బిడ్డ దగ్గర కత్తెర ఏమిటికి? లోపల పెట్టు వదినా" అని అమ్మకి అందించింది. తర్వాత బొంతని రెండు కొసలూ పట్టుకుని తిరగేసి పరిచింది. తెల్లటి వెనకవైపు పైకి వచ్చింది. "ఇట్ల వేస్తే ఎవరికీ నష్టం లేదు. బాగుండాది చూడు" అంది. నేను ఓడిపోయాను. ఆ తెల్లటి బొంత నేను మొదట మనసులో కుట్టుకున్నదానికి దగ్గరగా ఉండడం నన్ను మరీ బాధపెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎవరైనా చూస్తారని తలుపు వైపు తిరిగి నిలబడ్డాను.

అప్పుడు మిద్దింటి పెద్దమ్మ గొంతు లేచింది. "అట్ల వేస్తే మా చీర బిడ్డకు తగలదే?" ఆ మాట పూర్తికాకముందే ఎదుటి గోడ దగ్గరనుంచి మూలింటి అత్త అందుకుంది. "కిందపడి ఉండేదానికా మా అమ్మ చీర చించి ఇచ్చింది?" అంతే, ఇంకో పెద్దమ్మ, ఇంకో చిన్నమ్మ, పొలం గట్టువాళ్ళు, అందరూ లేచారు. ఇప్పుడే నవ్వినవాళ్ళంతా నా బొంత తరఫున పోట్లాటకి దిగారు. తగలకపోతే ఆయుష్షు ఎట్లా అంటునని ఒకరు, మా ముక్క ఎక్కడుందో చూడనే లేదని ఒకరు. అక్క అత్తగారు చేతులెత్తేసింది. "సరి సరి, తిప్పండమ్మా, తిప్పండి. మీ ఊరివాళ్ళను గెలిచేది నా వల్ల కాదు" అంది. నేనే తిప్పాను. చుక్కలూ గళ్ళూ నెమళ్ళూ గొడుగూ అన్నీ పైకి వచ్చాయి. బిడ్డని వేశారు. వాడికి కళ్ళూ తిరగలేదు, ఏమీ కాలేదు, హాయిగా కాళ్ళు చాపి కాసేపట్లోనే గొడుగు తడిపాడు. చోటు విషయంలో మాత్రం నా అంచనా తప్పలేదు.

ఆ రోజుతో మిద్దింటివాళ్ళూ మూలింటివాళ్ళూ కలిసిపోయారని రాస్తే చదవడానికి బాగుంటుంది. కలవలేదు. బొంత తిప్పమని ముందు అన్నది ఎవరన్నదాని మీద భోజనాల దగ్గరే కొత్త తగాదా మొదలైంది. నాకూ ఆ బొంత బాగుందని ఎవరూ చెప్పలేదు. అందరూ వెళ్ళిపోయాక ఉయ్యాల పక్కన కూర్చుని మళ్ళీ చూశాను. గెలిచిన బొంత కదా, కొంచెమైనా అందం వచ్చిందేమోనని చూశాను. రాలేదు. అంతే గందరగోళంగా ఉంది. దానిమీద మా అక్క కొడుకు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. నాకు గర్వంగానూ ఉంది, ఏడుపూ వస్తోంది.

తర్వాత చాలా బొంతలు కుట్టాను. నడుమ తెలుపు, ఎర్రటి అంచు, నాలుగు మూలలా ఆకుపచ్చ, అన్నీ కుదురుగా వచ్చాయి, అందరూ మెచ్చుకున్నారు. వాటిలో ఒక్కదానికోసం కూడా నేను ఎవరితోనూ పోట్లాడలేదు. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి, సూది పట్టుకోవడం మానేశాను. ఆ పద్నాలుగేళ్ళ పిల్ల ఒక్కసారి ఎదుటికి వస్తే పక్కన కూర్చోబెట్టుకుని, తల నిమిరి, "అమ్మీ, నిజం చెప్పనా, అది బాగా రాలేదే" అని చెప్పాలని ఉంటుంది. కానీ చెప్పను. చెబితే అది లోపలికి వెళ్ళి కత్తెర తెస్తుంది.