గుర్రబ్బండి పిల్ల కథ చెప్పిన సారు

ఇది రాయకపోతే ఎవరి కొంపా మునగదని నాలుగు రోజులు ఊరుకున్నాను. మా టైమ్‌కీపర్ సారు పోయారని కాకినాడ నుంచి కబురొచ్చింది. బడి మొహం చూడని నాకు పాత హాజరు కార్డుల వెనక అక్షరాలు దిద్దించింది ఆయనే. ఆ అక్షరాలతో ఆయన గురించే రాయకపోతే ఎలా అనిపించి కూర్చున్నాను.

గల్ఫ్‌లో యుద్ధం వచ్చిన చలికాలం. సౌదీలో, దమ్మామ్‌లో మా పని ఆగిపోయింది. కిటికీలకు టేపులు అంటించిన గదిలో పన్నెండుమందిమి, అందరం కరీంనగర్ వైపువాళ్లం. సారు ఒక్కరే కోస్తావారు, ఇంగ్లీషు వచ్చినవారు. దేశం విడిచిపోతూ అమెరికా ఇంజనీరు ఒకాయన వదిలేసిన నవల తెచ్చుకుని, మధ్యాహ్నం అన్నాలయ్యాక మాకు తెలుగులో చెప్పేవారు. మొదలుపెట్టే ముందు చేతి గడియారం తీసి జేబులో వేసుకునేవారు. మా నిమిషాలు లెక్కపెట్టడమే ఆయన ఉద్యోగం మరి.

అమెరికాలో ఆమిష్ అని ఒక జనం ఉన్నారట. కరెంటు వద్దంటారు, కారు వద్దంటారు, గుర్రబ్బండే. మా ఊళ్లోనూ అప్పటికి కరెంటు అంతంతమాత్రమే. కాకపోతే మేం వద్దనలేదు. ఆ జనంలో ఒక పిల్ల బయటి కుర్రాణ్ణి, ఒక వడ్రంగిని, ప్రేమిస్తుంది. అతణ్ణి చేసుకుంటే కన్నవాళ్లు కూడా ఆమెతో ఒకే బల్ల దగ్గర అన్నం తినరు. సారు మెల్లగా చెబుతుంటే ఆ టేపుల కిటికీ అవతల మంచు కురుస్తున్నట్టే ఉండేది. మొక్కజొన్న చేల మధ్య లాంతరు కట్టిన బండి ఒకటి పోతున్నట్టే ఉండేది. సైరన్ మోగి, విషవాయువు భయానికి తడి తువ్వాళ్లు మూతికి పెట్టుకోవాల్సి వస్తే, మంచిగ నడుస్తున్న గుర్రాన్ని ఆపిండ్రని మావాళ్లు విసుక్కునేవారు.

"బండి కథ బండిలాగే నడవాలిరా," అనేవారు సారు.

ఆయన సొంత కథా మాకు తెలుసు. ఆస్పత్రిలో ఒక మలయాళీ నర్సు. మా తరఫున మాట్లాడే వంకతో, వేలికి గీత పడినా ఆయనే దగ్గరుండి తీసుకెళ్లేవారు. నా గోరుచుట్టుకు మూడుసార్లు వెళ్లాం. రెండోసారికే అది మానింది.

యుద్ధం చల్లబడుతుండగా ఇంటి నుంచి ఆయనకు క్యాసెట్ వచ్చింది. అప్పట్లో ఉత్తరాల బదులు గొంతులొచ్చేవి. గదికి ఒకటే టేప్‌రికార్డరు కాబట్టి ఎవరింటి సంగతైనా అందరం వినేవాళ్లం. చెల్లెలికి సంబంధం కుదిరింది, అయితే కుండమార్పిడి: పెళ్లికొడుకు చెల్లెల్ని సారు చేసుకోవాలి. ఈయన కాదంటే ఆ పెళ్లీ లేదు. చివర్న చెల్లెలే మాట్లాడింది. "అన్నయ్యా, నీకిష్టం లేకపోతే మానెయ్యి. నేనేమీ అనుకోను."

మా మేస్త్రీ టేపు ఆపాడు. "తిడితే తెంపుకుంటుంటివి సారూ. ఏమనుకోనన్నది. ఇగ నువ్వు యాడికీ పోలేవు."

మర్నాడు సారు కథ ముగించారు. పిల్ల ఇల్లు విడిచి వడ్రంగితో వెళ్లిపోయింది. మేం చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత ఏ రోగీ వెంట లేకుండా ఆయన ఒక్కరే ఆస్పత్రికి వెళ్లొచ్చారు. నెల తిరక్కుండా ఉద్యోగం వదిలి, పాస్‌పోర్టులో ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని ఇంటికెళ్లి ఆ పెళ్లి చేసుకున్నారు. పుస్తకం వెంట తీసుకెళ్లారు. అందులో ముగింపు నిజంగా అలాగే ఉందో లేదో నాకు తెలియదు. ఏటా ఒకసారి ఫోను చేసి, నీ గోరెలా ఉందని మాత్రం అడిగేవారు.

నేనిప్పుడూ సౌదీలోనే, తాయిఫ్ కొండల మీద దానిమ్మ తోట చూస్తున్నాను. నిన్న పొగమంచు చెట్ల మొదళ్ల దాకా దిగి ఉంది. సారు భార్య ఫోను చేసింది.

"అన్నయ్యగారూ, ఆయన ఆ గుర్రబ్బండి కథ ముప్పై ఏళ్లు చెప్పారండి నాకు. చివరికొచ్చేసరికి నిద్దరొస్తందని ఆపేసేవారు. మీకు చెప్పారంట కదా. ఆ పిల్ల ఏం చేసిందండీ?"

నేను ఫోను చెవి దగ్గరే పెట్టుకుని రెండు చెట్లు దాటి నడిచాను.

"ఇంట్లనే ఉండిపోయిందమ్మా," అన్నాను.



"అయ్యో," అందామె. "ఎల్లిపోవాల్సిందండీ."

నీళ్ల ట్యాంకరు వచ్చి హారన్ కొట్టింది. వెళ్లి గేటు తీశాను.