మెట్లు లేని సందు

2023 ఎండాకాలం. అశోక్ నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక ఒక సందు. నేను లైసెన్స్‌డ్ సర్వేయర్‌ని, ఆఫీసు చిక్కడపల్లిలో. స్థలాలు కొలవడం, ఇళ్ల ప్లాన్లు గీయడం నా పని. ఈ పనిలో సగం టేపు, సగం అనుమానం. "నువ్వు కూరగాయల తక్కెడను కూడా నమ్మవు" అని మా ఆయన ఏడిపిస్తుంటాడు. నమ్మను మరి!

ఆ రోజుల్లో వార్డు ఆఫీసులో భవనాల ఎత్తు మీద పెద్ద రభస నడుస్తోంది. సందుల్లో ఇంకో రెండంతస్తులు వేసుకోనివ్వాలని హాస్టళ్లవాళ్లు, వద్దే వద్దని చిన్న ఇళ్లవాళ్లు. చివరికి ముప్పై అడుగుల వెడల్పున్న సందులకు మాత్రం అనుమతి ఇద్దామన్న ప్రతిపాదన దగ్గర ఆగింది. ఆ వెడల్పును మేము 'క్లియర్ విడ్త్' అంటాం. అంటే మెట్టు గానీ అరుగు గానీ అడ్డం లేకుండా బండి పోయే మేర. సందులో ఎక్కడ ఇరుకుంటే అక్కడి కొలతే లెక్క.

వార్డు మీటింగులో చూపించడానికి సందు కొలిచి పెట్టమని హాస్టల్ యజమాని నర్సింగరావు గారు నన్ను పిలిచారు. అడుగు పెట్టగానే ఏదో తేడా కొట్టింది. ఏ ఇంటికీ మెట్లు లేవు! గుమ్మాల ముందు పగిలిన ఇటుకలు, సిమెంటు పొడి. హైదరాబాదులో ఎవరైనా తమ మెట్లు తామే కొట్టుకుంటారా? వాటి జోలికొస్తే ఎంతటివాళ్లతోనైనా కొట్లాటకు దిగుతారు గానీ.

"ఏంది సార్, అందరి మెట్లు ఎటు పోయినయ్?"

"అందరి మంచికే మేడం. రేపు ఫైరింజన్ రావాలంటే తొవ్వ ఉండాలె గద. నేనే నచ్చజెప్పిన," అంటూ ఆయన కుర్చీ వేయించి మామిడి రసం తెప్పించారు. కొలవడానికి పోతే మామూలుగా చాయ్ ఇస్తారు. రసం ఇచ్చారంటే ఏదో దాస్తున్నారనే లెక్క.

హాస్టల్ పక్కింట్లోంచి ఒక పెద్దావిడ ప్లాస్టిక్ స్టూలు మీద కాలు పెట్టి నానా తంటాలు పడి దిగింది. పేరు యాదమ్మ. డాబా మీద అప్పడాలు, వడియాలు ఎండబెట్టి హాస్టళ్ల మెస్సులకు అమ్ముకుని బతుకుతుంది.

"బిడ్డా, నీ కొలతతోని నా పక్కన బిల్డింగు ఇంకా పైకి లేస్తదట. నిజమేనా?"

"ముప్పై అడుగులుంటే లేవొచ్చమ్మా."

"లేస్తే నా డాబా మీదికి ఎండ రాదు. ఎండ లేకుంటే నాకు బువ్వ లేదు. ఫైరింజన్ అన్నడని మెట్లు కొట్టిచ్చిన. ఈ ఎత్తు ముచ్చట నాకెవ్వలు చెప్పలే," అంది. నాకు ఒళ్లు మండిపోయింది.

టేపు విప్పాను. సందు నడుమ ముప్పై దాటింది. ఆ చివరా దాటింది.

"అయిపాయె గద మేడం, రాసుకోండ్రి!" అని నర్సింగరావు గారు తొందరపెట్టారు.

సందు మొదలు ఇంకా మిగిలే ఉంది. అక్కడ రంగురంగుల టెంటు, లోపల కుర్చీల దొంతరలు.

"ఏం ఫంక్షన్ సార్?"

"గదే... మీటింగుకు."

"మీటింగు వార్డు ఆఫీసుల గద?"

నేనే పోయి పక్కనున్న గుడ్డ పైకెత్తాను. దాని వెనక సందులోకి పొడుచుకొచ్చిన కాంక్రీటు గద్దె, మీద హాస్టల్ జనరేటర్! ఊరందరి మెట్లూ కొట్టించిన మహానుభావుడు తన గద్దెకు మాత్రం గుడ్డ కప్పుకున్నాడు. అక్కడ ముప్పైకి బాగా తక్కువొచ్చింది. అదే రాశాను.

"గిదొక్కటేనా అడ్డం? తీపిచ్చేస్త," అన్నారాయన తాపీగా.

గద్దె తీస్తే రూలు ప్రకారం ఆయనదే గెలుపు. కానీ అప్పటికే గుమ్మాల్లో నిలబడ్డవాళ్లంతా గుడ్డ వెనక ఏముందో చూశారు.

"మా మెట్లు కొట్టిపిచ్చి నీది దాసుకుంటివా అన్నా?" అని ఎవరో గట్టిగా అడిగారు.

మీటింగులో ఆయన గద్దె తీయడానికి గడువు తెచ్చుకున్నారు. మళ్లీ కొలవడానికీ వార్డు ఆఫీసువాళ్లు నన్నే పంపారు. గద్దె తీసేసిన మాట నిజమే. కానీ యాదమ్మ గుమ్మం ముందు తడి ఆరని కొత్త మెట్లు! ఆ పక్కింటికీ, ఎదురింటికీ, సందు పొడుగునా మెట్లే. నవ్వు ఆపుకోలేకపోయాను.

"అమ్మా, రోడ్డు మీదికి కట్టుడు తప్పు గదా?"

"తప్పే బిడ్డా. నా ఎండ గుంజుకునుడు తప్పు గాదా?"

కొలత తక్కువొచ్చిందని రాశాను. మెట్లు రోడ్డు మీదికి ఉన్నాయనీ రాశాను, రాయక తప్పదు. ఎత్తు సంగతి వార్డు ఆఫీసులో ఇంకా నలుగుతూనే ఉంది. నేను మాత్రం అప్పటినుంచి టేపు తీసే ముందు, అక్కడ కొత్తగా ఏం కొట్టేశారో, దేనికి గుడ్డ కప్పారో చూసుకుంటున్నాను.

ఆ రోజు బయల్దేరుతుంటే యాదమ్మ నా చేతిలో అప్పడాల పొట్లం పెట్టింది.

"ఎందుకమ్మా ఇది?" అన్నాను అనుమానంగా.

"ఎందుకేంది? ఏంచుకొని తిననీకి. నా డాబా మీది ఎండల ఎండినయ్."