కాళమ్మ ఉట్టిలో జబ్బు పడ్డ ఫోను

అంచెట్టి దాటి అడవిదారి పట్టుకుంటే మూడో మలుపులో కాళమ్మ టీ అంగడి ఉంటుంది. చుట్టూ నాలుగు పల్లెలకు సిగ్నల్ దొరికేది ఆ అంగడి చూరు కింద ఒక్కచోటే. అక్కడ సిగ్నల్ ఎంత గట్టిదంటే, చూరు మీద కాకి వాలినా దానికి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. నమ్మనివాళ్లు కాకినే అడగవచ్చు.

చేలకూ మేకలకూ పోయేవాళ్లు పొద్దున్నే తమ ఫోన్లు కాళమ్మకు ఇచ్చి పోతారు. ఆమె వాటిని చూరుకు వేలాడే ఉట్టిలో పెడుతుంది. ఏది మోగినా ఎత్తి మాట్లాడి, కబురును లోయలోకి కేకేసి చెబుతుంది. చదువు రాదు. తెర మీది పైవరస గుర్తులు చాలు. మెట్లుంటే సిగ్నల్ ఉన్నట్టు, నిలబడ్డ డబ్బా నిండుగా ఉంటే చార్జ్ ఉన్నట్టు. పదకొండు ఆవులను సాకిన మనిషి, కంటితోనే అన్నీ కనిపెడుతుంది.

నిన్న కలైసెల్వి ఫోను ఉట్టిలోకి వచ్చింది. మంజులమ్మ కూతురు ఆ పిల్ల. డిప్లొమా చదివి, హోసూరులో ఒక ఫ్యాక్టరీ ఇంటర్వ్యూకు పోయి వచ్చింది. తీసుకుంటే నిన్న మధ్యాహ్నం పన్నెండు లోపల ఫోన్ చేస్తామన్నారు, ఎత్తకపోతే తరువాతి పేరుకు పోతారట. దిష్టి తగులుతుందని ఆ సంగతి తల్లికి తప్ప ఎవరికీ చెప్పకుండా మేకలు తోలుకుని పోయింది.

కాళమ్మ ఆ ఫోను చూసి, అంగడి బెంచీ మీద టీ తాగుతున్న నా దగ్గరికి తెచ్చింది.

"రాజప్పన్నా, ఇది పడుకొనేసింది చూడు. నిన్న నిలబడే ఉండింది."

నిజమే, బ్యాటరీ డబ్బా అడ్డంగా పడుకుని ఉంది. మెట్లు కూడా సన్నబడ్డాయి. కాన్వెంటులో సిస్టర్లు నేర్పిన ఇంగ్లీషుతో తెర మీది మాట చదివాను. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది, గుర్తులు మారాయి, అంతే. కానీ నాలాంటి అరవైయేడేళ్ల మనిషికి ఆటపట్టించడానికి అంత మంచి సందు మళ్లీ దొరుకుతుందా? పశువులకు వచ్చే అంటుజబ్బు గాలికుంటు లాంటిదే, ఇప్పుడు ఫోన్లకూ వస్తోందని చెప్పాను.

జబ్బు పశువును మందలో ఉంచరు. కాళమ్మ ఆ ఫోనును దిగువనున్న ఆవుల కొట్టంలోకి తీసుకుపోయి, వేపాకు పరిచి పడుకోబెట్టింది. అంతలో పక్క పల్లె మాదేశ్ తన ఫోను తెచ్చాడు. అందులోనూ డబ్బా పడుకునే ఉంది.

"అంటుకొనేసింది," అని కాళమ్మ దాన్నీ కొట్టంలోకి పంపింది. నేను నవ్వు కనబడకుండా గ్లాసులో మొహం పెట్టుకున్నాను.

పన్నెండుకు పావుగంట ఉండగా మంజులమ్మ రొప్పుతూ వచ్చి, ఫోన్ ఏమైనా వచ్చిందా అని గుసగుసగా అడిగి, సంగతంతా చెప్పింది. టీ నాకు అడ్డం పడింది. కొట్టంలో సిగ్నల్ చుక్క కూడా ఉండదు. చేసిన అల్లరి ఒప్పుకున్నాను.

కాళమ్మ కొట్టానికి పరుగెత్తింది. ఆ పరుగుకు లేచిన దుమ్ము అంచెట్టి బస్టాండులో ఇంకా దిగలేదని చెప్పుకుంటున్నారు. ఫోను చూరు కిందికి వచ్చీ రాగానే మోగింది, ఫ్యాక్టరీ ఆఫీసు నుంచి ఒకామె.

పిల్లేమో లోయలో మేకల దగ్గర ఉంది. మంజులమ్మ కేకలు వేస్తోంది. కాళమ్మ ఫోను చెవిన పెట్టుకుంది.

"పిల్ల వస్తా ఉందమ్మా, ఫోను కోసేయద్దు. మీది ఏ ఊరమ్మా? గురుబరపల్లా? ఇంట్లో ఆవుందా?"

ఉందట. ఈనిన ఇరవై దినాలకే పాలు తగ్గించేసిందట. ఇక కాళమ్మను ఆపేదెవరు? ఉలవలు ఎంత ఉడకబెట్టాలో, దూడను ఎప్పుడు విడవాలో అంతా చెప్పింది. కలైసెల్వి ముళ్లు గీసుకున్న కాళ్లతో వచ్చేసరికి, ఆఫీసామె ఇంకొక్క నిమిషం ఆగమని పిల్లనే బతిమాలుకుంటోంది.

సోమవారం చేరమన్నారు. మంజులమ్మ ఏడ్చింది, కలైసెల్వి మేకనొకదాన్ని ముద్దు పెట్టుకుంది. కాళమ్మ అందరికీ బెల్లం టీ పోసింది. నాకు మాత్రం పోయలేదు.

"జబ్బు ఫోనుకు కాదు, నీకప్పా. మూడు దినాలు కొట్టంలో కూర్చో. టీ ఆడికే తెచ్చిస్తాను."

ఈ రోజు రెండో దినం. వేపాకు మెత్తగానే ఉంది. టీ వేళకే వస్తోంది. ఆవుకు మాత్రం నా కథలు నచ్చినట్టు లేదు, మొదలుపెట్టగానే అటు తిరిగి పడుకుంటోంది.