మీసం పోయిన తాతయ్య, ఆగిపోయిన బిల్లు

నా చిన్నప్పుడు మా తాతయ్య మీసం చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు కూడా తెలుసు. గొర్రెల మంద తర్వాత ఆయన అంత ముద్దుగా చూసుకున్నది దాన్నే. ఆ మీసం ఒక బీమా బిల్లుకు అడ్డం పడుతుందని మా ఇంట్లో ఎవరైనా కలగన్నారా?

ఆత్మకూరు దగ్గర మా ఊరు. తాతయ్యకు పేగు మెలిపడితే సూర్యాపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లారు. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకు సర్కారు బీమా కొత్తగా వచ్చిన రోజులు. మనం చేతి నుంచి పెట్టుకోనక్కర్లేదు. ఆసుపత్రివాళ్లే ముందు అనుమతి తెచ్చుకుని వైద్యం చేస్తారు, రోగి ఇంటికి వెళ్లేటప్పుడు కాగితాలూ ఫోటోలూ పంపి డబ్బు రాబట్టుకుంటారు. చేరిన రోజునే మంచం మీద మీసంతో సహా తాతయ్యను ఫోటో తీశారు. అనుమతి వచ్చింది, ఆపరేషన్ బాగానే జరిగింది.

మా నానమ్మ మాత్రం దేవుడితో వేరే మాట అనుకుంది. మనిషి దక్కితే తలనీలాలు ఇప్పిస్తానని మొక్కుకుందట. మొక్కు తీరకుండా ఇంటి గడప తొక్కనివ్వనని పట్టుబట్టి, ఇంటికి పంపే రోజు పొద్దున్నే మంగలిని పిలిపించి ఆసుపత్రి వెనక తాతయ్యను కుర్చీలో కూర్చోబెట్టింది. జుట్టుతో పాటు మీసమూ పోయింది. వెంట్రుకలన్నీ తర్వాత గుడిలో ఇవ్వాలని పసుపు గుడ్డలో మూటకట్టి దగ్గర దాచుకుంది. గుండుతో లోపలికి వచ్చిన తాతయ్యను చూసి ఎవరో ముసలాయన అనుకుని నేను ఆయన మంచం మీది నుంచి లేవనే లేదు.

బిల్లులు చూసే గుమస్తా చివరి ఫోటో తీయడానికి వచ్చాడు. పాత ఫోటో చూశాడు, తాతయ్యను చూశాడు, కెమెరా దించేశాడు. ఈయన ఆయన కాదన్నాడు. ఈ ఫోటో పంపితే బీమావాళ్లు డబ్బు ఇవ్వరట, బిల్లంతా మేమే కట్టాలట, కట్టేదాకా మనిషిని పంపరట. అంత డబ్బంటే మంద మొత్తం అమ్ముకోవాల్సిందే. మంద పోతే మేం తినేదేమిటి?

నాన్న కింది కౌంటరుకు పోతే పైకి పొమ్మన్నారు, పైకి పోతే భోజనానికి వెళ్లారన్నారు. రేషన్ కార్డు చూపిస్తే అందులోనూ మీసమే. ఎంత చెప్పినా అదే మాట. నాకు ఆకలి, నాన్నకు మంట. చివరికి ఆయన నానమ్మ మీద విరుచుకుపడ్డాడు.

"ఆ మూటల మీసం తియ్యే అవ్వా! ప్లాస్టర్‌తోని అంటిస్త, ఫోటో తీసుకుంటరు!"

"దేవుని సొమ్ము మీద చెయ్యేస్తే సూడు మరి!" అని నానమ్మ మూటను గుండెకు అదుముకుంది. తాతయ్య తనది కాని గొడవ వింటున్నట్టు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక కోదాడ నుంచి మా మేనత్త దిగింది. ఆమె నోటికి ఊరంతా భయపడేది. ఇక ఆ గుమస్తా పని అయిపోయిందని నేను సంబరపడ్డాను. ఆమె మాత్రం కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది.

"మీ ఆసుపత్రికి ఈ డబ్బులు ఎవరిస్తారు బాబూ? ఏం చూసి ఇస్తారు?"

అతను మొదట విసుక్కున్నాడు. తర్వాత కడుపులోదంతా చెప్పుకున్నాడు. డబ్బు ఇచ్చేవాళ్లు ఎక్కడో దూరాన ఉంటారు. మనిషిని చూడరు, పంపిన ఫోటోనూ కాగితాన్నీ చూస్తారు. ఒకటి కలవకపోతే తిప్పి పంపుతారు, ఆ తిట్లు ఇతనికి పడతాయి. ఇంతకుముందు ఒకసారి జీతం కూడా కోశారట.

"అయితే వాళ్లు నమ్మాలంటే ఏం కావాలి?" అంది అత్త.

పొద్దున్నుంచి అతన్ని ఆ మాట అడిగినవాళ్లు లేరు. పాత ఫోటో మళ్లీ ఒకసారి చూసి అతనే చెప్పాడు. ఆపరేషన్ చేసిన డాక్టరు పక్కన నిలబడి, కుట్లు కనిపించేలా ఫోటో దిగాలి. మొక్కు వల్ల గుండు చేయించుకున్న ఈయనే తాను ఆపరేషన్ చేసిన మనిషని రాసివ్వాలి. డాక్టరు వచ్చి, తాతయ్య చొక్కా ఎత్తి తాను వేసిన కుట్లు చూసుకుని, పక్కన నిలబడి ఫోటో దిగి, నవ్వుతూ సంతకం పెట్టాడు. సాయంత్రానికి తాతయ్యను పంపించేశారు.

"పొద్దుగాల్నుంచి నేను మొత్తుకున్నది గదే గదా అక్కా!" అన్నాడు నాన్న ఆటోలో.

"ఈయన మా నాయనేనని మొత్తుకున్నావు. ఆ సంగతి అతనికీ తెలుసురా" అంది అత్త.

అత్త ఇప్పుడు లేదు. బీమావాళ్లతో నాకు ఇప్పటికీ పడదు. మొన్న మా అబ్బాయి జ్వరం బిల్లుకు ఇచ్చిన కాగితాలే మళ్లీ మళ్లీ అడిగారు. మనిషిని ఎదురుగా పెట్టుకుని ఫోటోలో వెతికే ఆ పద్ధతి మీద నా కోపం ఆరలేదు, ఆరదు కూడా. అయినా కౌంటరు దగ్గర నోరు తెరిచే ముందు, ఆ కుర్చీలో ఉన్న మనిషిని పైనుంచి ఎవరు ఏం అడుగుతున్నారో కనుక్కుంటాను. అలా అడిగితే చాలామంది మొహం మెత్తబడుతుంది, పని కదులుతుంది. తిట్లు మిగిలిపోతే ఇంటికొచ్చి తీరిగ్గా తిట్టుకుంటాను.