పాలతో మింగిన క్యాప్సూల్

డిగ్రీ మొదటి ఏడాదిలో ఒక ఉదయం దవడకు దిండు తగలగానే చురుక్కుమంది. తడిమి చూస్తే చర్మం కింద గట్టి గడ్డ. నెల తిరిగేసరికి రెండు బుగ్గలూ మొటిమలతో నిండిపోయాయి. డెబ్భైల చివరి రోజులవి. నాన్నకు హిందీ మాట్లాడే ఊళ్ళో, స్టీల్ కంపెనీలో పని. కంపెనీ ఇచ్చిన అగ్రికో క్వార్టర్‌లో ఉండేవాళ్ళం.

ఎవరు కనిపించినా నా మొహం గురించే మాట్లాడేవారు. ఏం చదువుతున్నావని ఒక్కరైనా అడిగితే బాగుండునని ప్రాణం కొట్టుకునేది.

పక్కింటావిడ చెప్పిన ట్యూబు సాక్చి బజారులో కొని రాశాను. పది రోజుల్లో చర్మం నున్నబడింది. చున్నీతో బుగ్గలు కప్పుకోకుండా కాలేజీకి వెళ్ళాను. ఆ సంతోషం నెలన్నర. తర్వాత మొహమంతా ఎర్రబడింది, మొటిమలు చీముపట్టి మునుపటికంటే ఎక్కువగా లేచాయి.

అమ్మ నన్ను కంపెనీ ఆసుపత్రిలో స్కిన్ ఓపీడీకి తీసుకెళ్ళింది. బెంగాలీ డాక్టర్ ట్యూబు తిప్పి చూశారు.

“ఇది స్టెరాయిడ్. మొటిమలకు రాయకూడదు. ఆపితే కొన్నాళ్ళు ఇంకా పెరుగుతాయి, భయపడకు,” అన్నారు హిందీలో.

మింగడానికి టెట్రాసైక్లిన్, రాత్రి పల్చగా రాయడానికి బెంజాయిల్ పెరాక్సైడ్ ఇచ్చారు. చర్మం పొట్టు రేగింది. నీలం దిండుగలీబు మీద ఆ మందు తగిలినచోటల్లా రంగు పోయి తెల్లమరకలు పడ్డాయి. రెండు నెలలైనా గడ్డలు మాత్రం తగ్గలేదు.

“క్యాప్సూల్ ఎలా వేసుకుంటోంది?” అని డాక్టర్ అడిగారు.

“గరం దూధ్ కే సాథ్, డాక్టర్ సాబ్,” అంది అమ్మ కాస్త గర్వంగా. తన టీ మానుకుని ఆ పాలు నాకు కాచి ఇచ్చేది.

ఆయన కలం కింద పెట్టారు. “పాలు ఈ మందును ఒంటికి పట్టనివ్వవు. ఖాళీ కడుపున, నీళ్ళతో ఇవ్వండి.”

బయట బెంచీ మీద అమ్మ కూలబడింది. “నా సేతుల్తోనే పాడు సేసీసినాను గదే.”

“ఛోడో అమ్మా, వదిలీ. నీకేటి తెలుసని ఇచ్చినావు,” అన్నాను విసురుగా. ఆ మాట ఇప్పటికైనా వెనక్కి తీసుకోగలిగితే బాగుండును.

నీళ్ళతో మొదలుపెట్టిన మూడో నెలకు కొత్త గడ్డలు ఆగాయి. మొహం తేటపడడానికి ఏడాది పట్టింది.

ఇప్పుడు ఆదిత్యపూర్‌లో బడిపిల్లలకు లెక్కలు చెబుతున్నాను. బుగ్గల మీద గుంటలు మిగిలాయి, వాటితో నాకు పేచీ లేదు. మీకు చెప్పేది ఒక్కటే. డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు, మొహానికి ఏం రాసుకుంటున్నారో, ఏ మందును దేనితో మింగుతున్నారో సిగ్గుపడకుండా అంతా చెప్పండి.

అమ్మ పోయి చాలా ఏళ్ళైంది. ఆ రోజుల్లో ఇద్దరం స్టూడియోలో ఫొటో దిగుదామని ఎన్నోసార్లు అడిగింది. ప్రతిసారీ “తగ్గాక” అన్నాను. తగ్గేనాటికి ఆమె అడగడం మానేసింది.