మొదటి రింగుకే ఎత్తే ఫోను

నంద్యాలలో ఒక కిడ్నీ ఆసుపత్రిలో నేను ఫోను దగ్గర కూర్చుంటాను. అంతకుముందు అక్కడే చాలా ఏళ్ళు ఆయాగా చేశాను. మోకాళ్ళు పట్టేశాక, పెద్ద వయసులో చర్చి పాస్టరమ్మ దగ్గర నేర్చుకున్న అక్షరాలు అక్కరకొచ్చి ఈ కుర్చీ దొరికింది. కూర్చుని చేసే పనే కదా అనుకున్నాను. సాయంత్రానికి చెవి వేడెక్కి, గొంతు ఎండిపోయి, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు.

ఆళ్లగడ్డలో మాకు చిన్న క్లినిక్ ఉంది. అక్కడికి చేసే ఫోన్లు కూడా నా బల్ల మీదికే వస్తాయి. డాక్టరు కావాలంటే డాక్టరుకు, మందుల షాపు కావాలంటే షాపుకు కలుపుతాను. డయాలసిస్ వాళ్ళకు మాత్రం కలిపే పని లేదు. వాళ్ళు ఊరి నుంచి బయలుదేరేముందు ఒక మిస్డ్ కాల్ ఇస్తారు. నేను తిరిగి చేస్తే, ఈరోజు మిషన్లు నడవడం లేదు, రావద్దని అర్థం. చేయకపోతే రమ్మని. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు, నేను కూర్చునేనాటికే నడుస్తోంది.

మొన్న వేసవిలో మేనేజరు సారు కొత్త కంప్యూటరు ఫోను పెట్టించాడు. ఎవరు చేసినా మొదటి రింగుకే అది ఎత్తుతుంది. ఒకామె గొంతు నమస్కారం చెప్పి, దేనికి ఒకటి నొక్కాలో దేనికి రెండు నొక్కాలో చెబుతుంది. ఏమీ తోచనివాళ్ళు తొమ్మిది నొక్కితే నా దగ్గరికి వస్తారు. బల్ల మీద ఫోను మోగడం తగ్గింది. నా చెవికి కాస్త తెరిపి దొరికింది.

అది పెట్టిన రెండు రోజులకే, ఒక ఉదయం డయాలసిస్‌కు నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటులో మోటారు కాలిపోయింది. మిస్డ్ కాల్ ఇచ్చినవాళ్ళకు తిరిగి చేద్దామని ఫోను ముందే కూర్చున్నాను. ఒక్కటీ రాలేదు. పల్లెల నుంచి ఎవరూ బయలుదేరలేదు కాబోలు అనుకున్నాను.

ఎండెక్కాక ఆళ్లగడ్డ అవతలి పల్లె నుంచి ఒక ముసలాయన, భార్య భుజం పట్టుకుని వచ్చాడు. రెండు రోజులకొకసారి వచ్చే మనిషే. ఆరోజు కాళ్ళూ ముఖమూ ఉబ్బి, నాలుగడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు.

"మిషన్లు ఆగిపోయినాయి. మిస్డ్ కాల్ ఇయ్యకుండా ఎట్ల వస్తిరమ్మా?" అన్నాను.

"ఇయ్యకుండా యాడ వస్తాం? ఇస్తి గదా. ఎవురో ఒగామె ఎత్తి ఏందో చదవబట్టె. ఆయమ్మతో నాకేం పని అని కట్ చేస్తి. నువ్వు తిరిగి చెయ్యకపోతివి, రమ్మనేమో అనుకుంటిమి."

కంప్యూటరు తెరమీద వెతికి చూశాను. ముసలామె నంబరు ఉంది. మిస్డ్ కాల్స్‌లో కాదు, ఎత్తిన ఫోన్లలో ఉంది.

"మిషన్‌కేమొచ్చిందంట?" అన్నాడు ఆయన బెంచీ మీద కూలబడుతూ.

"నీళ్ళు లేవంట."

"నా కడుపు నిండా నీళ్ళే గదమ్మే. కావాలంటే తీసుకోమను."

"మాటలకేం తక్కువ లేదు, ఊపిరే తక్కువ," అంది భార్య, పైటతో విసురుతూ.

నర్సు ఆయనకు ఆక్సిజన్ పెట్టింది. డాక్టరు వచ్చి చూసి, సాయంత్రం దాకా ఆగగలడు, అంతకు మించి వద్దన్నాడు. మెకానిక్ మోటారు విప్పుకుని కూర్చున్నాడు. భార్య బెంచీ మీద నుంచి నా ఫోను వైపు చూస్తూ ఉంది. అది మోగినప్పుడల్లా ఆమె వైపు చూడకుండానే ఎత్తేదాన్ని.

పొద్దు వాలుతుండగా ప్లాంటు నడిచింది. మొదట ఆయననే లోపలికి తీసుకున్నారు.

మరుసటి రోజు ఫోను బిగించిన అబ్బాయిని పిలిపించి సంగతి చెప్పాను. అతను తల గోక్కున్నాడు.

"కట్ చేసే పద్ధతి ఒకటుందని నాకెవురు చెప్పినారక్కా? ఆళ్ళ నంబర్లు నేరుగా నీ బల్లకే మోగేట్టు పెడతాలే. నాలుగు రోజులు పడతాది."

"ఆ నాలుగు రోజులు ఆయప్ప ఆగొద్దా?" అని, డయాలసిస్ వాళ్ళందరికీ నా సొంత నంబరు ఇచ్చాను.

అతను అన్నట్టే చేశాడు. ఇప్పుడు బల్ల మీది ఫోను వాళ్ళ కోసం మోగగలదు. కానీ ఎవరూ దానికి చేయరు. ఆ ముసలామెను అడిగితే, "మల్ల ఆయమ్మ ఎత్తితే ఎట్ల? నీ ఫోనైతే ఎవురూ ఎత్తరు," అంది.

అందుకని పొద్దున్నే మిస్డ్ కాల్స్ ఇంటికే వస్తాయి. బియ్యం కడుగుతుంటే వస్తాయి, ఆదివారం చర్చిలో ప్రార్థన మధ్య వస్తాయి. ముందు వార్డుకు ఫోన్ చేసి, మిషన్లు ఎట్లున్నాయో కనుక్కున్నాకే పొయ్యి వెలిగించడం అలవాటయింది.

ఈ ఉదయం కూడా రెండు రింగులు మోగి ఆగింది. చేతులు తుడుచుకుని, తెర మీది పేరు కూడబలుక్కుని చదివాను. ఆయనే. మిషన్లు బాగానే ఉన్నాయని వార్డులో చెప్పారు. ఫోను బోర్లించి, మళ్ళీ బియ్యంలో చెయ్యి పెట్టాను. వాళ్ళు ఈపాటికి ఆటో ఎక్కి ఉంటారు.